రెండు జేబుల అంగీ

జనవరి 17, 1949. సూర్యాపేట.

ప్రార్థన అయ్యాక కొత్త పెద్ద పంతులమ్మ అహల్య గారు మమ్మల్ని ఎండలో అలాగే నిలబెట్టి ఒక మాట చెప్పారు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఆరు, ఏడు తరగతుల ఆడపిల్లలు నీలం పరికిణీ, తెల్ల జాకెట్టు, తెల్ల ఓణీ వేసుకునే రావాలట. పూల గుడ్డలు, పట్టు అంచులు పనికిరావు. ఎవరు దొరగారి బిడ్డో, ఎవరు జీతగాడి బిడ్డో చూడగానే తెలియకూడదన్నారు. ఆవిడది బెజవాడ. మాట్లాడితే పుస్తకం చదివినట్టుంటుంది. పిల్లలందరికీ సంబరమే.

జాకెట్టు అన్న మాట వినగానే నా కుడి చెయ్యి దానంతటదే వీపు వెనక్కి పోయింది.

ఇంకా రెండు వారాలుంది.

జనవరి 23, ఆదివారం.

రుక్కమ్మత్త తన పాత తెల్లచీర తీసి సగానికి చించి వోణీ చేసింది. లంగాకు నీలం రంగు అద్దింది. రవిక సంగతి మాత్రం ఎత్తలేదు. మామ అడిగితే, చూద్దాంలే అంది.

అమ్మానాన్నల దగ్గర ఉంటే ఈ తిప్పలే లేవు. నాన్న గొర్లమంద వెంట మునగాల దిక్కు తిరుగుతుంటాడు. అక్కడ నేనేం తొడుక్కున్నా అడిగేవాళ్లు లేరు. చదువూ లేదు. అందుకే కదా మేనత్త ఇంట్లో ఉండేది.

నాకు ఐదేళ్లప్పుడు ఉడికే జొన్న గటక కుండ కుడి భుజం మీద ఒలికింది. భుజం నుంచి మోచేతి దాకా తోలు ముడుచుకుని అతుక్కుపోయింది. చెయ్యి చెవి దాకా లేవదు. బిగుతుగా ఏది తొడిగినా సాయంత్రానికి పగులుతుంది. ఈ ఊళ్లో ఇది ఇంటివాళ్లకు కాక ఒక్క బుచ్చయ్య తాతకే తెలుసు.

ఆయన బజారులో మిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. నాలుగేళ్ల కింద అత్త నన్ను మొదటిసారి తీసుకుపోయినప్పుడు ఆయన చెయ్యి చూపించమనలేదు. గోడ పక్కన నిలబెట్టి, ఎంత లేస్తే అంత లేపమని, అక్కడ సుద్దతో ఒక గీత గీశాడు. ఆ గీతను చూసుకుంటూ అంగీ కత్తిరించాడు. చంక కింద ఒక ముక్క అదనంగా వేశాడు. ఆ అంగీ తొడుక్కున్న నాడు మొదటిసారి రెండు చేతులతో నేనే జడ అల్లుకున్నాను. అప్పటి నుంచీ లంగా మీదికి మోకాళ్ల దాకా వచ్చే ఆ వదులు అంగీలే నా బట్టలు. వోణీ నాకు నచ్చదు. మాటిమాటికీ సర్దుకోవాలి. సర్దుకోవాలంటే చెయ్యి లేవాలి.

ఫిబ్రవరి 1.

తొడుక్కున్నాను. నీలం లంగా, అత్త పక్కింట్లో అడిగి తెచ్చిన తెల్ల రవిక, తెల్ల వోణీ. అద్దంలో బాగానే ఉన్నాను. అందరిలాగా ఉన్నాను. పొద్దున గంటసేపు నిజంగానే సంతోషంగా ఉంది, అది కూడా రాయాలి.

రెండో గంటలో లెక్క చెయ్యమని బోర్డు దగ్గరికి పిలిచారు. బోర్డు కింది అంచు దగ్గరే రాయగలిగాను. వెనక నుంచి ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొందరు.

సాయంత్రం రవిక చేతికి అంటుకుపోయింది. అత్త గోరువెచ్చటి నీళ్లతో తడిపి తడిపి ఊడదీసింది. ఆమె ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు.

ఫిబ్రవరి 2.

బడికి పోలేదు.

ఫిబ్రవరి 3.

పోలేదు.

ఫిబ్రవరి 6, ఆదివారం.

అహల్య గారి ఇంటికి పోయాను. గడపలో నిలబడి, జాకెట్టు వేసుకోలేనండీ అన్నాను. ఎందుకన్నారు. చెప్పలేదు. మళ్లీ అడిగారు. కుడి చెయ్యి సరిగ్గా లేవదన్నాను. చూపించమంటారేమోనని భయపడ్డాను. ఆవిడ నా ముఖం చూసి ఊరుకున్నారు.

ఒకే రంగు గుడ్డతో, పువ్వులు లేకుండా, నాకు వీలైనట్టు వదులుగా కుట్టించుకోమన్నారు. తెల్లది దొరికేదాకా ఏ రంగైనా సరేనన్నారు. "బట్ట నిన్ను బాధపెడితే చదువేం ఎక్కుతుందమ్మా" అన్నారు. ఇంటిదాకా పరుగెత్తాను.

ఫిబ్రవరి 13, ఆదివారం.

కంట్రోలు దుకాణంలో తెల్ల గుడ్డ లేదు. వచ్చే నెలలో కూడా నమ్మకం లేదట. నా దగ్గర ఉన్నవన్నీ పూల అంగీలే.

బుచ్చయ్య తాత దగ్గర ఒక ఖాకీ ముక్క ఉంది. నిరుడు అడవిని కాసే జంగ్లాత్ జవాను ఒకడు బట్టలు కుట్టమని ఇచ్చి, సెప్టెంబరులో మిలిటరీ వచ్చినప్పటి గడబిడలో ఎటో పోయి మళ్లీ రాలేదు. మెత్తటి గుడ్డ, తడిపి ఆరేసి మెత్తబడిందే. తాతే దాన్ని తీసి చూపించాడు. సరేనన్నాను.

రెండు జేబులు కావాలన్నాను. ఆయన నవ్వి, మొగపిల్లల అంగీకి కూడా ఒకటే జేబు పెడతానన్నాడు. అయినా రెండూ పెడతానన్నాడు.

ఫిబ్రవరి 20, ఆదివారం.

అంగీ వచ్చింది. ఇంత మంచిది నాకు ఎప్పుడూ లేదు. చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. మెడ దగ్గర ఒరుసుకోదు. తొడుక్కుంటే తొడుక్కున్నట్టే ఉండదు. ఎడమ జేబులో పెన్సిలు. కుడి జేబులో నా చెయ్యి. చెయ్యి జేబులో ఉంటే అది ఎందుకు వంగి ఉందని ఎవరూ అడగరు. జేబులు ఎందుకో తాతకు చెప్పలేదు, ఆయనకు తెలిసే ఉంటుంది. కుడి జేబు కొంచెం పెద్దదిగా కుట్టాడు.

ఫిబ్రవరి 22.

మునివేళ్ల మీద లేచి బోర్డు మీద పైవరుసలో రాశాను. మొదటి వరుస. అహల్య గారు వెనక నిలబడి చూశారు.

ఫిబ్రవరి 24.

మామ తాసీలు దఫ్తరులో జవాను. అక్కడి మాటలు ఇంట్లో ఎత్తడు. ఈ రోజు అన్నం ముందు కూర్చుని ఎత్తాడు. మునగాల అవతల గుట్టల్లో మిలిటరీవాళ్లకు కమ్యూనిస్టు దళం వాళ్లు దొరికారట, అందులో ఇద్దరు ఆడవాళ్లట.

"గాళ్లు తొడుక్కున్నయి గిసొంటి ఖాకీ అంగీలేనట. ఇగ అది ఏసుకొని రోడ్డు మీద తిరగకు" అన్నాడు.

ఆ అంగీ తప్ప నాకు బడికి వేరే లేదని అత్త అంది. మామ కంచం ముందునుంచి లేచిపోయాడు.

ఫిబ్రవరి 25.

ఈ రోజు కూడా వేసుకున్నాను. దారి పొడుగునా పైన అత్త వోణీ కప్పుకున్నాను. బడి లోపల ఎవరు చూస్తారు.

ఫిబ్రవరి 28, సోమవారం.

బుచ్చయ్య తాతను తీసుకుపోయారు.

బడి నుంచి వస్తుంటే దుకాణం ముందు మిలిటరీ లారీ పోయిన గుర్తులున్నాయి. మిషను పక్కకు పడిపోయి ఉంది. తాత భార్య బక్కమ్మ అరుగు మీద కూర్చుని చుట్టుపక్కల వాళ్లకు చెబుతోంది. దర్జీల దుకాణాలన్నీ వెతుక్కుంటూ వచ్చారట. తాత దగ్గర ఖాకీ పేలికలు దొరికాయి. దళం వాళ్లకు అంగీలు కుట్టేది నువ్వేనా అన్నారట. కాదు, ఒక్కటే కుట్టాను, అది ఒక బడిపిల్లకు అన్నాడట.

"ఏ పిల్ల అంటే జెప్పలే. ఎన్నిసార్లు అడిగినా జెప్పలే" అంది బక్కమ్మ.

ఆమె నన్ను చూసింది. మామ మాటకు భయపడి ఈ రోజు నేను పాత పూల అంగీలో ఉన్నాను. ఖాకీ అంగీ ఇంట్లో నా పెట్టెలో ఉంది. నేను ఆగకుండా వచ్చేశాను.

మార్చి 1.

గుడ్డ ఆయనే చూపించాడు. నేను అడగలేదు.

రేపటికి వదిలేస్తారు. ముసలాయనను ఏం చేసుకుంటారు.

మార్చి 2.

అత్త అంగీని పొయ్యిలో పెట్టింది. నేను బడి నుంచి వచ్చేసరికే అయిపోయింది.

మార్చి 3.

మామ మధ్యాహ్నమే దఫ్తరు నుంచి ఇంటికి వచ్చాడు. నా పెట్టె తెరిచి అంతా కింద పోసి వెతికాడు. అంగీ ఏదని అడిగితే, లేదన్నాం. మంచినీళ్లు తాగి మళ్లీ దఫ్తరుకే పోయాడు.

మార్చి 5.

బక్కమ్మ ఇంటికి వచ్చింది. నేను తలుపు వెనక ఉన్నాను. ఆమె మామ కాళ్లు పట్టుకోబోతే మామ వెనక్కి జరిగాడు. మీ పిల్ల అంగీ ఒక్కసారి వాళ్లకు చూపిస్తే చాలు, మా ఆయన మాట నిజమని తెలుస్తుంది అంది. చిన్నగానే అడిగింది, గట్టిగా అడిగితే వీధికి వినిపిస్తుందని.

"ఏ అంగి అవ్వా? మా ఇంట్ల అసొంటి అంగి లేదు" అన్నాడు మామ.

మామ అబద్ధమాడలేదు. లేదు కదా.

ఆమె పోయాక మామ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. ఆడపిల్ల ఒక్కసారి క్యాంపు గేటు లోపలికి పోతే, ఏం జరగకపోయినా, ఏదో జరిగిందనే ఊరంతా అనుకుంటుందన్నాడు. తన నౌకరి పోతుందన్నాడు. అది చెబుతూ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మామను నేను ఎప్పుడూ అలా చూడలేదు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది.

మార్చి 9.

తాతను కోదాడకు మార్చారు. బక్కమ్మ పక్కింటివాళ్లకు చెబుతుంటే విన్నాను. తాతకు చదువు రాదు. ఎవరి కొలత వాళ్లదిగా దారాలకు ముడులు వేసి గోడకు వేలాడదీసుకుంటాడు. ఆ దారాలన్నీ మూటగట్టి తీసుకుపోయారట. ముడులు ఏం చెబుతున్నాయో, ఎవరికి కబురు పంపుతున్నావో చెప్పమన్నారట. నడుముకు ఎన్ని, చేతికి ఎన్ని అని ఆయన ఒక్కొక్క ముడీ చెబుతుంటే నవ్వారట.

నా దారం కూడా అందులోనే ఉంటుంది.

మార్చి 11.

బడిలో పూల అంగీ వేసుకుంటున్నాను. అహల్య గారు అడగలేదు.

మార్చి 14, సోమవారం.

బడి విడిచాక అందరూ పోయేదాకా ఉండి అహల్య గారికి చెప్పాను. అంగీ ఏమైందో తప్ప మొత్తం చెప్పాను. గుడ్డ సంగతి కూడా. ఇక్కడ అబద్ధం రాశాను, తాత ఆ గుడ్డ చూపించలేదు. గోనెసంచి కింద నుంచి బయటికి వచ్చిన అంచును చూసి లాగింది నేను. ఆయన చేతిలోంచి లాక్కుని మళ్లీ సంచి కింద పెట్టాడు.

"ఈ రంగు ఇప్పుడొద్దు బిడ్డా. జర ఆగు, తెల్లగుడ్డ వస్తది" అన్నాడు.

మూడుసార్లు అడిగాను. మూడోసారి ఏడ్చాను కూడా. ఆయన నా ఏడుపు చూడలేడని తెలిసే ఏడ్చాను.

అహల్య గారు బల్ల మీది కాగితాలు పక్కకు జరిపారు. నేను ఏ రంగైనా సరేనన్నాను కదా అన్నారు, నాతో కాదు, తనలో తాను. తర్వాత ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాసి కోదాడ క్యాంపు అధికారికి పంపారు.

మార్చి 18.

జవాబు వచ్చింది. రెండు వాక్యాలు. దర్జీ కూడా అదే చెబుతున్నాడు. ఆ అంగీ ఉంటే తీసుకుని రండి.

మార్చి 19.

అంగీ లేదని అహల్య గారికి చెప్పాను. అత్త కాల్చేసిందని చెప్పాను. అంగీ లేకపోయినా మనమే పోయి చెబుదామన్నారు.

మార్చి 21, సోమవారం. కోదాడ.

అహల్య గారు, నేను, బక్కమ్మ పొద్దున మొదటి బస్సుకు వచ్చాం. మామ బస్సు దగ్గరికి వచ్చాడు. ఆపుతాడనుకున్నాను. దూరంగా నిలబడ్డాడు. బస్సు కదిలాక చూస్తే అక్కడ లేడు. బస్సులో బక్కమ్మ నా పక్కన కూర్చోలేదు.

క్యాంపు రోడ్డు పక్క బంగళాలో ఉంది. ఎండలో చాలాసేపు నిలబడ్డాక లోపలికి పిలిచారు. అధికారికి తెలుగు రాదు. మాటలు తిరగేసి చెప్పడానికి పక్కన జగ్గయ్యపేట అతను ఒకడున్నాడు. అహల్య గారు ఇంగ్లీషులో చెప్పింది అధికారి విన్నాడు. తర్వాత నావైపు చూసి ఏదో అడిగాడు.

"ఆడపిల్లవి, నీకు మగవాళ్ల చొక్కా ఎందుకని అడుగుతున్నారమ్మాయ్" అన్నాడు జగ్గయ్యపేట అతను.

గుండీ విప్పి అంగీ కుడి చెయ్యి పైకి లాగాను. భుజం దాకా లాగాను. బక్కమ్మ అక్కడే ఉంది, అహల్య గారున్నారు, గుమ్మం దగ్గర తుపాకులు పట్టుకుని ఇద్దరున్నారు. అందరూ చూశారు. తర్వాత చెయ్యి లేపగలిగినంత లేపి, చంక కింద కుట్టిన అదనపు ముక్క చూపించాను. ఖాకీ అంగీకి కూడా ఈ ముక్కే వేశాడు, మీకు దొరికినవాళ్ల అంగీలకు ఈ ముక్క ఉందేమో చూడండి అన్నాను. అదే నేను మాట్లాడింది.

అధికారి ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు. చెయ్యి కప్పుకోమని సైగ చేశాడు. ఇలా చెబుతుంటే నా గురించి నేను గొప్పగా రాసుకుంటున్నట్టుంది. అలా ఏం లేదు. నేను గోడకు ఆనుకున్నాను.

ఆయన జగ్గయ్యపేట అతనితో మెల్లగా మాట్లాడాడు, అతను మాకు చెప్పాడు.

"సారు నమ్ముతున్నారు. కానీ ఆ ముసలాయన్ని నిన్ననే మిర్యాలగూడ పంపించేశారు. ఇప్పుడు ఆయన మా చేతిలో లేడు."

మిర్యాలగూడ అధికారికి ఒక చీటీ రాసిచ్చారు. బక్కమ్మ ఆ చీటీని కొంగున ముడివేసుకుని, నిన్ననా, నిన్ననేనా అని అడుగుతూనే ఉంది. బయటికి వచ్చాక కూడా అడిగింది. ఎవరిని అడుగుతోందో తెలియలేదు.

మార్చి 22. మిర్యాలగూడ.

హుజూర్‌నగర్ మీదుగా వచ్చాం. ఇక్కడి అధికారి ఊళ్లో లేడు. ఎప్పుడు వస్తాడో చెప్పలేమన్నారు. చీటీ గేటు దగ్గర ఇవ్వమన్నారు. ఇవ్వనని బక్కమ్మ అంది. ఇవ్వక తప్పదని అహల్య గారు నచ్చజెప్పారు. గేటు దగ్గరి జవాను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ చీటీ మాకు కనిపించడం అదే చివరిసారి.

తాతను చూడనివ్వలేదు. సాయంత్రం బస్సుకు మేమిద్దరం బయలుదేరాం. బక్కమ్మ రానంది. గేటుకు ఎదురుగా ఒక దుకాణం నీడలో కూర్చుంది.

మార్చి 30.

రాలేదు.

ఏప్రిల్ 8.

రాలేదు. అహల్య గారు ఇంకో రెండు ఉత్తరాలు రాశారు. నాకు చూపించి పంపారు. ఇంగ్లీషు నాకు రాకపోయినా నా పేరు ఎక్కడుందో వెతుక్కున్నాను.

ఏప్రిల్ 15.

పరీక్షలు రాశాను. బాగానే రాశాను. ఎలా రాశానో తెలియదు.

ఏప్రిల్ 29.

రాలేదు. బక్కమ్మ కూడా రాలేదు. దుకాణం తలుపుకు ఎవరో కట్టె అడ్డం పెట్టారు.

మే 12.

వచ్చాడు.

మే 15, ఆదివారం.

చూడబోయాను. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సగం అయిపోయాడు. కుడిచేతి నాలుగు వేళ్లూ వంకరగా ఉన్నాయి. వంగవు, చాచుకోవు. బక్కమ్మ అన్నం కలిపి పెడుతోంది. ఏం జరిగిందని ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

నన్ను చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. కోపం అనుకున్నాను. కోపమే అయి ఉండాలి. ఐదు నిమిషాలు నిలబడి వచ్చేశాను.

మే 22.

పోయాను. మళ్లీ ముఖం తిప్పుకున్నాడు.

మే 29.

అహల్య గారు సెలవుల నుంచి వచ్చి నన్ను పిలిపించారు. కొత్త ఏడాది నుంచి బట్టల నియమం తీసేశారట. శుభ్రంగా ఉంటే చాలు, ఎవరికి వీలైనది వాళ్లు వేసుకోవచ్చు. "నీకు హాయిగా ఉండేది వేసుకో సుగుణా" అన్నారు.

నా అంగీలు అన్నీ పొట్టివైపోయాయి. ఇప్పుడు నాకు ఇష్టమైనది వేసుకోవచ్చు. కుట్టేవాళ్లు లేరు. అత్త వేరే దర్జీ దగ్గరికి తీసుకుపోయింది. అతను చెయ్యి విప్పి చూపించమన్నాడు. తిరిగి వచ్చాం.

జూన్ 5, ఆదివారం.

ఈ రోజు తాత ముఖం తిప్పుకోలేదు. బక్కమ్మ నీళ్లకు పోయింది. నన్ను దగ్గరికి రమ్మని, కూర్చోమన్నాడు. నేల చూస్తూ మాట్లాడాడు.

"మూడో దినం నీ పేరు చెప్పిన బిడ్డా."

నాకు అర్థం కాలేదు. ఆయనే మళ్లీ చెప్పాడు. రెండు రోజులు ఓర్చుకున్నాడట. మూడో రోజు ఓర్చుకోలేక, తాసీలు దఫ్తరు జవాను బీరయ్య ఇంట్లో ఉండే పిల్ల, సుగుణ అని చెప్పేశాడట. ఇల్లు ఎక్కడో కూడా చెప్పాడట. అప్పటి నుంచి, నన్ను తీసుకొస్తారేమో, ఏ పక్క నుంచి నా గొంతు వినిపిస్తుందో అని చెవులు మూసుకుని కూర్చున్నాడట.

"నీ ముఖం ఎట్ల సూడాలె అనుకున్న. గందుకే సూడలే."

వాళ్లు నా కోసం ఎందుకు రాలేదో అడిగాను. మామను దఫ్తరులోనే అడిగారట. మామ ఇంటికి పోయి చూసి వచ్చి, అలాంటి అంగీ మా ఇంట్లో లేదని చెప్పాడట. ముసలాడు చిన్నపిల్ల మీద అబద్ధం చెబుతున్నాడని కొట్టారట, చేతికి అప్పుడు తగిలింది.

ఇదంతా చెప్పి నన్ను క్షమించమన్నాడు. ఆయన. నన్ను.

బక్కమ్మ బిందెతో వస్తుంటే లేచి వచ్చేశాను.

జూన్ 6.

మార్చి రెండో తారీఖు రాసింది నిజం కాదు.

అత్త పొయ్యిలో పెట్టలేదు. అత్త ఆ రోజు బజారుకు పోయింది. నేను బడికి పోలేదు. పెట్టెలోంచి అంగీ తీసి, జేబులోని పెన్సిలు తీసేసి, పొయ్యిలో పెట్టాను. సరిగ్గా అంటుకోలేదు. కట్టెతో లోపలికి నెట్టాను. అత్త వచ్చి చూసి, ఎవరడిగినా నేనే కాల్చానని చెప్పు బిడ్డా అంది. అప్పటి నుంచి అందరికీ అదే చెప్పాను. ఇక్కడ కూడా అదే రాశాను. ఇది ఎవరూ చూడరు, అయినా రాశాను.

మర్నాడు మామ వచ్చి పెట్టె వెతికాడు. దాచెయ్యడానికి వెతుకుతున్నాడనుకున్నాను. తీసుకుపోయి చూపించడానికి వెతికాడేమో. అడగలేదు. ఇప్పుడు అడగలేను. చూపించడానికే అంటే ఏం చెయ్యాలి. దాచడానికే అంటే మాత్రం ఏం చెయ్యాలి.

జూన్ 9.

రెండుసార్లు వాళ్ల వీధి దాకా పోయి తిరిగి వచ్చాను.

జూన్ 12, ఆదివారం.

రేపు బడి తెరుస్తారు. అత్త తన తెల్లచీర మిగిలిన సగం చేత్తో కుట్టి అంగీ చేసింది. కుట్లు వంకరగా ఉన్నాయి. భుజం దగ్గర పట్టేస్తోంది. బాగుందని చెప్పాను.

మధ్యాహ్నం తాత దగ్గరికి పోయాను. బక్కమ్మ పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది. ఆమె లేనప్పుడు చెప్పాలనుకున్నాను, కానీ అలా అనుకుంటే ఎప్పటికీ చెప్పను.

"అంగీని పొయ్యిల ఏసింది అత్త కాదు తాతా. నేనే ఏసిన. వాళ్లు మామను అడిగిన ముందు రోజే."

చేట చప్పుడు ఆగిపోయింది. బక్కమ్మ నా ముఖంలోకి చూసింది. చేట కింద పెట్టి లోపలికి పోయింది.

తాత తన కుడిచేతిని ఎడమచేత్తో తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత నా చేతివైపు చూశాడు.

"పొయ్యిల పెట్టేటప్పుడు మంట తగలలే గద బిడ్డా" అన్నాడు.

లేదన్నాను.

ఇంకా ఏదైనా అంటాడేమోనని ఎండ అరుగు దిగేదాకా కూర్చున్నాను. నేను ఉన్నంతసేపూ బక్కమ్మ బయటికి రాలేదు.